మా వీధి చప్పిడి పండగ

పండగలు ఎలా పుడతాయో నాకు తెలుసు. ఒకటి పుడుతున్నప్పుడు నేను దాని పక్కనే ఉన్నాను. తడి కట్టెలు అంటుకోక గొట్టం పెట్టి ఊదుతున్నాను. కళ్ళలోకి పొగ వచ్చింది తప్ప దివ్యకాంతి ఏదీ కనబడలేదు.

మాది ఉద్దానం. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు ఆటోలో వెళ్తే కొబ్బరితోటలూ జీడితోటలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఆ తోపులాటలో మధ్యన ఇరుక్కున్నది మా ఊరు. ఏడేళ్ళ కిందట, దసరాలు మొదలైన మర్నాడే, తుఫాను సరిగ్గా మా మీదుగా నడిచి వెళ్ళింది. గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే పెరట్లో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి, పెళ్ళికి వచ్చిన చుట్టాలు హాల్లో పడుకున్నట్టు. ఇంటి మీద పెంకులు సగం లేవు. వాన మాత్రం తిన్నగా వంటింట్లోకే వచ్చింది, దారి ముందే తెలిసినట్టు.

దసరాల్లో ఐదో రోజుకి బియ్యం బస్తాలోంచి పులిసిన వాసన మొదలైంది. మా మామ్మ చెయ్యి పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తీర్పు చెప్పింది.

"ఈయేళ ఒండకపోతే రేపు గేదె కూడా తినదు."

మా వీధిలో పదకొండు ఇళ్ళు. అందరి బియ్యమూ తడిసే ఉన్నాయి. పొయ్యి వెలిగించగల చోటు ఒక్కటే మిగిలింది, మా పశువులశాల మూల. ఎవరిదో పెళ్ళిళ్ళ గుండిగ ఒకటి దొర్లించుకొచ్చారు. అందరి బియ్యమూ అందులో పడ్డాయి. కొబ్బరికాయలకు కొదవేముంది, చెట్టెక్కే పని కూడా లేదు, వంగి ఏరుకోవడమే. వాటినీ ముక్కలు చేసి వేశారు. పచ్చిమిరపకాయలు ఎవరో నాలుగు తెచ్చారు. ఉప్పు దగ్గర ఆగిపోయాం. మా ఇంట్లో ఉప్పు జాడీ మూత గాలికి ఎగిరిపోయింది. జాడీ నిండా వాననీళ్ళు, ఉప్పు జాడే లేదు. మిగతా ఇళ్ళలోనూ అంతే. కొట్టుకి వెళ్దామంటే రోడ్డు మీద చెట్లు, చెట్ల మీద స్తంభాలు, స్తంభాల మీద తీగలు.

"ఉప్పు సముద్రంలోకి ఎలిపోనాది. దాని ఊరికి అది ఎలిపోనాది. తినండి," అంది మామ్మ.

నేలంతా బురద కాబట్టి నిలబడే తిన్నాం. అప్పుడే కరెంటు స్తంభాలు లేపడానికి ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన మనుషుల్లో ఒకతను మా వీధి చివర స్తంభం దిగాడు. చిత్తూరు వైపు అట. ఎప్పుడు తిన్నాడో ఏమో, గుండిగ వైపు చూసి చూడనట్టు చూశాడు. మామ్మ మొదటి అరటాకు అతని చేతిలో పెట్టింది. అతను ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా అన్నాడు.

"అవ్వా, ఉప్పు మరిసినట్టుండావే."

ఆ నాలుగు రోజుల్లో మా వీధి మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఇదీ పుట్టుక. ఇంతకు మించి ఏమీ లేదు.

మరుసటి ఏడు దసరాల్లో ఐదో రోజున మామ్మ బియ్యం నానబోసింది. "ఎందుకు మామ్మా?" అంటే, "ఏటో, ఈయేళ ఒక్కదాన్నీ ఒండుకోబుద్ధి అవలేదు" అంది. గుండిగ వచ్చింది. ఉప్పు వెయ్యలేదు. బురద లేకపోయినా అందరూ నిలబడే తిన్నారు. బండి మీద పోతున్న మా ఊరి లైన్‌మన్‌ని ఆపి మొదటి ఆకు అతనికిచ్చింది మామ్మ. పాపం అతను బిల్లు గొడవేమో అనుకుని భయపడ్డాడు. మూడో ఏడు పిలవకుండానే అందరూ వచ్చారు. పక్క వీధి వాళ్ళూ వచ్చారు. నానబెట్టిన బియ్యం, లేని ఉప్పు, నిలబడి తినడం, మొదటి ఆకు లైన్‌మన్‌కి. నాలుగూ నియమాలైపోయాయి. మూడేళ్ళు వరసగా చేస్తే ఏదైనా ఆచారమే. నేను మూడేళ్ళు వరసగా ఒకే పరీక్ష తప్పాను, దాన్ని మాత్రం ఎవరూ ఆచారం అనలేదు.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. ఆ మూడో ఏడు మందస నుంచి వచ్చిన మా అత్త ఒకావిడ ఆకు పట్టుకుని నన్ను అడిగింది.

"ఉప్పెందుకు ఎయ్యరురా అబ్బాయా?"

నేను మొహం గంభీరంగా పెట్టాను. "మామ్మ కల్లోకి అమ్మోరు వచ్చింది గదత్తా. 'మీ కన్నీళ్ళలో ఉప్పు సాలు, నాకు వేరే ఉప్పొద్దు' అన్నాది."

నవ్వుతుందనుకున్నాను. అత్త ఆకు కిందపెట్టి దండం పెట్టింది.

మామ్మ కల్లోకి అమ్మవారు ఎప్పుడూ రాలేదు. ఆమె కలల్లోకి ఎక్కువగా వచ్చేది పక్కింటి గేదె, మా కూరపాదు తిన్నందుకు. కానీ మరుసటి ఏటికి ఆ మాట ఫ్లెక్సీ ఎక్కింది, ఎర్రక్షరాల్లో, అమ్మవారి బొమ్మ పక్కన. ఫ్లెక్సీ వేయించింది టెంట్ హౌస్ బావ. ఊళ్ళో ఏ కార్యమైనా షామియానా ఆయనదే కాబట్టి ఏ కార్యమైనా పెద్దది కావాలనే ఆయన కోరిక. నేను కంగారుపడి మామ్మని అడిగాను.

"నువ్వెందుకు కాదని సెప్పలేదు?"

"మంచిమాటే అన్నాది గదరా అమ్మోరు. నానెందుకు కాదంతాను?"

అప్పటికి ఆమెకో కారణం ఉంది. ఆ కారణం పేరు చిన్నాన్న.

మా నాన్న తమ్ముడు. జీడితోట పని, ఊరందరినీ ఆటపట్టించే పని, రెండూ ఒంటిచేత్తో చేసేవాడు. నాకున్న వెటకారం ఆయన దగ్గర నేర్చుకున్నదే, అసలు సరుకు ఆయన దగ్గరే ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందట ఆయన కిడ్నీలు పని మానేశాయి. మా వైపు ఇది పెద్ద వార్త కాదు. "ఏటి, నీకూనా?" అంటారు, బస్సులో తెలిసినవాడు ఎక్కితే అన్నట్టు. అప్పటినుంచీ వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. రోజుకి కొలిచిన నీళ్ళు. ఇంట్లో అందరికీ ఒక గిన్నె, ఆయనకి ఉప్పులేని చిన్న గిన్నె ఒకటి. పెళ్ళిళ్ళకి వెళ్తే చేతిలో స్టీలు డబ్బా. పంక్తిలో కూర్చోడు, షామియానా బయట కుర్చీ వేసుకుని డబ్బా మూత తీస్తాడు. ఎవరైనా జాలిగా చూస్తే, "నాది స్పెషల్ ఒంటండీ, మీకు పెట్టరు" అంటాడు.

ఆ జబ్బు మొదలైన ఏడు మా వీధి పండగకీ అలవాటు ప్రకారం డబ్బా పట్టుకొచ్చాడు. మామ్మ డబ్బా లాక్కుని అరటాకు చేతిలో పెట్టింది.

"ఈయేళ ఊరందరిదీ నీ కూడేరా."

రెండు గరిటెలకి డాక్టర్ సరేనన్నాడు, కొబ్బరి మాత్రం వద్దన్నాడు. అందుకని చిన్నాన్న నా పక్కన నిలబడి కొబ్బరి ముక్కలు ఒక్కొక్కటే ఏరి నా ఆకులో పడేస్తూ తిన్నాడు. అందరిలో, అందరి గుండిగలోది, అందరిలాగే. ఏడాదికి అలాంటి రోజు ఆయనకి అదొక్కటే. కన్నీళ్ళూ ఉప్పూ అంటూ నేను వాగిన వాగుడు ఆ రోజుకి కాపలా కాస్తోందని నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే నేను చేసిన తెలివితక్కువ పని చేసేవాణ్ణి కాదు.

నేను టెక్కలిలో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెబుతాను. ఈ ఏడు మా హెడ్మాస్టారు, "ప్రపంచంలో పండగలు, వాటి పుట్టుక మీద ఓ గోడపత్రిక పెట్టించండి మాస్టారూ, తనిఖీకొస్తారు" అన్నారు. తనిఖీ అనగానే నాలో జిజ్ఞాస పుట్టింది. నాలుగు రోజులు ఫోన్లోనూ, లైబ్రరీలోనూ వెతికాను.

వెతికిన కొద్దీ నాకు మా పశువులశాల మూలే కనబడింది. యూదులకు ఒక పండగ ఉంది. వాళ్ళ పూర్వీకులు బానిసత్వం నుంచి పారిపోయేటప్పుడు రొట్టెపిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయిందట. అందుకని ఇప్పటికీ ఆ రోజుల్లో పులియని రొట్టే తింటారు. చైనాలో ఒక కవి నదిలో దూకి చనిపోతే, చేపలు ఆయన్ని ముట్టకుండా జనం పడవల్లో వెళ్ళి అన్నం ఉండలు విసిరారని చెప్పుకుంటారు. ఇప్పుడు పడవ పందేలు, ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం. మెక్సికోలో చనిపోయిన పెద్దలు ఏడాదికోసారి ఇంటికొస్తారని వాళ్ళకి ఇష్టమైనవి వండిపెట్టి, బంతిపూలతో దారి చూపిస్తారు. అది మన పెద్దల అమావాస్యే, కాకపోతే మనం కాకిని కేకేస్తాం. స్పెయిన్లో ఒక ఊళ్ళో టమాటాలు తీసి ఒకరినొకరు కొట్టుకుంటారు. ఎందుకు మొదలైందంటే తలో మాటా చెబుతారు, ఎవరో కుర్రాళ్ళ కొట్లాట అన్నది ఎక్కువమంది మాట. అది చదివి నాకు ధైర్యం వచ్చింది. మనవాళ్ళే నయం, కనీసం తిన్నారు.

వెనక్కి వెళ్ళి చూస్తే చాలా పండగల మొదట్లో ఏదో ఒకటి లేకపోవడమే ఉంది. వ్యవధి లేదు, మనిషి లేడు, తిండి లేదు. ఆ లేనిదాన్ని ఏటేటా పీట వేసి కూర్చోబెట్టుకోవడమే పండగ. ఈ మాట గోడపత్రికలో రాయిస్తే హెడ్మాస్టారు చెరిపించేశారు. "శుభమా అని పండగల గురించి చెప్తుంటే లేదు లేదంటారేటండి?"

గోడపత్రిక అంటిస్తుండగా రెండు జడల పిల్ల ఒకతె అడిగింది. "మాస్టారండీ, మన వేపు పుట్టిన పండగ ఒక్కటీ లేదేటండి?"

అంతే, నేను మా వీధి కథ చెప్పాను. పులిసిన బియ్యం, ఎగిరిపోయిన మూత, చిత్తూరు లైన్‌మన్. పిల్లలు విరగబడి నవ్వారు. పిల్లలు నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు. ఆ ఊపులో ఇంటికి వచ్చే బస్సులోనే మొత్తం టైపు చేసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. 'పండగల పుట్టుక' అని పైన శీర్షిక. చివర్లో, "కన్నీళ్ళ ఉప్పు మాట నేను కల్పించిందే. అమ్మవారికి ఏ సంబంధమూ లేదు. జాడీ మూత ఎగిరిపోయింది, అంతే" అని ముక్తాయింపు.

నవ్వు బొమ్మలు వరదలా వచ్చాయి. బస్సు పూండి చేరేసరికి వాటి కింద టెంట్ హౌస్ బావ మెసేజ్.

"అయితే ఈ యేడు ఉప్పు ఏసేద్దాం."

అది చదివాకే నాకు చిన్నాన్న చేతిలో అరటాకు గుర్తొచ్చింది. మర్నాడు సాయంత్రం జీడిపిక్కలు ఆరబెట్టే కళ్ళంలో అందరూ కూర్చున్నారు. బావ నిలబడ్డాడు. ఈ ఏడు మూలపేట పోర్టు వైపు నుంచి ఒక నాయకుణ్ణి పండగకి పిలిచాడట. ఆయనకి చప్పిడి కూడు పెడితే ఊరి పరువేం కాను.

"బావా," అన్నాడు నన్ను చూసి, "ఇన్నేళ్ళూ అమ్మోరి మొక్కని నోరు మూసుకుని సప్పిడి తిన్నాం. మూత ఎగిరిపోనాదని ముందే సెప్పొచ్చు గదా?"

"సెప్దామనే అనుకున్నాను బావా. నువ్వప్పటికే ఫ్లెక్సీ ఏయించేసినావు."

"సరే, అయిందేదో అయింది. అప్పుడు ఉప్పు లేదు, ఏసుకోలేదు. ఇప్పుడున్నాది, ఏసుకుంతాం. ఇందులో తప్పేటున్నాది?"

తప్పేమీ లేదు. అదే నా బాధ. నా దగ్గరున్న ప్రపంచ జ్ఞానమంతా తీశాను.

"అలాక్కాదు బావా. యూదులకి ఇప్పుడు బోల్డంత టైమున్నాది. అయినా పులియని రొట్టే తింటన్నారు."

"ఆళ్ళెవరు? ఏ మండలం?"

"మన మండలం కాదు."

"మరి ఆళ్ళ గొడవ మనకెందుకు?"

జనం నవ్వారు. నేను మాట్లాడితే జనం నవ్వుతారు, అది నా సంపాదన. నిజంగా మాట్లాడాల్సిన రోజున అదే అడ్డం పడింది. అసలు కారణం అందామంటే, ఆ కారణం ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉంది. మామ్మ వైపు చూశాను. ఆమె జీడిపిక్కల వైపు చూస్తోంది.

అప్పుడు చిన్నాన్నే లేచాడు.

"ఎయ్యండర్రా, ఎయ్యండి. సప్పిడి తినీ తినీ మీ మొకాలు నా వార్డులో పేషెంట్లలాగ అయిపోనాయి. నా డబ్బా నాకున్నాది."

అందరి ఊపిరీ తేలికపడింది. బావ అయితే దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తీర్మానం అయిపోయింది. ఉప్పు వెయ్యడం ఖాయం.

ఆ తర్వాత రెండు రోజులు మామ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, అలగలేదు. కంచంలో అన్నం వేసింది, కూర వేసింది. నోట్లో పెట్టుకున్నాను.

"మామ్మా, ఇందులో ఉప్పు లేదు."

"మూత ఎగిరిపోనాది."

పూటపూటకీ అదే మూత ఎగిరిపోయింది. రెండో రోజుకి నాకు చిన్నాన్న నాలుగేళ్ళు ఎలా గడిపాడో కొద్దిగా అర్థమైంది. మామ్మకి బోధనాపద్ధతుల్లో శిక్షణ లేదు గానీ మా బళ్ళో చేరితే నా ఉద్యోగం పోతుంది.

మూడో రోజు చిన్నాన్నని బండి మీద పలాస తీసుకెళ్ళాను. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు వస్తోంది, ఎప్పట్లాగే తీరిగ్గా. వెనక్కి తిరగకుండానే అడిగాను.

"నువ్వెందుకు సరే అన్నావు సిన్నాన్నా?"

"మరేటనమంతావు?"

"నీ కోసమని సెప్తే ఊరంతా సప్పిడే తింటాది. రేపు నాను గ్రూపులో ఎడతాను."

ఆయన నా వీపు మీద చిన్నగా కొట్టాడు.

"ఎట్టకు. ఇన్నాళ్ళూ అమ్మోరి పేరు సెప్పి తిన్నారు. ఆళ్ళలో నానూ ఒకణ్ణి. నా పేరు సెప్తే జాలిపడి తింటారు. అప్పుడు ఆళ్ళందరూ ఒకేపు, నానొక్కణ్ణీ ఒకేపు. దానికి ఆ డబ్బా ఏటి సేసింది? డబ్బాయే నయం."

గూడ్సు బండి పెట్టెలు పోతూనే ఉన్నాయి. నేను వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను.

"ఏరా, మాటల మూత కూడా ఎగిరిపోనాదేటి?" అన్నాడు చిన్నాన్న. మామ్మ అప్పటికే ఆయనకి అంతా చెప్పేసిందన్నమాట.

దసరాల్లో ఐదో రోజు వచ్చింది. ఈసారి నిజంగానే సంబరం. షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. నిలబడి తినే పండగకి కుర్చీలెందుకని అడిగితే, "నాయకుడికి" అన్నాడు బావ. టెక్కలి నుంచి వంటవాడొచ్చి పప్పూ కూరా సంగతి చూస్తున్నాడు. గుండిగ మాత్రం మామ్మదే. ఆ పొయ్యి దగ్గరికి ఎవరూ రారు, వచ్చినా ఎక్కువసేపు ఉండరు. అన్నం ఉడికింది, కొబ్బరి వాసన వీధంతా పట్టింది. చిన్నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో డబ్బా. ఎవరూ అడక్కుండానే వెళ్ళి షామియానా బయట కుర్చీ వేసుకున్నాడు. నాయకుడి కోసం తెచ్చిన కుర్చీల్లో మొదటిది అలా పనికొచ్చింది.

బావ ఉప్పు ప్యాకెట్ పట్టుకుని గుండిగ దగ్గరికి వచ్చాడు.

"మామ్మా, కలిపేద్దామా?"

మామ్మ గరిటె అడ్డం పెట్టింది. "మొదటి ఆకు లైన్‌మన్‌ది. ఆడు తిన్నాక ఎయ్యి."

"ఏసినాకే తింటాడు గద మామ్మా. మంచిగుంటాది."

"ఏడేళ్ళనుంచి లైన్‌మన్ అన్నోడు గుండిగలోంచి ఎలాగొస్తే అలాగే తిన్నాడు. ఆడు తిని ఉప్పు కావాలంతే ఏసేద్దుం. ఆ మాట ఆడు సెప్పాలి, నువ్వు కాదు."

బావ ఆలోచించాడు. ఆయనకి నష్టమేమీ కనబడలేదు. ఉప్పులేని అన్నం తిని ఉప్పడగనివాడు ఎవడుంటాడు? నాకూ అదే అనిపించింది. మామ్మ దగ్గర ఏదైనా ఎత్తు ఉందేమోనని మొహం చూశాను. ఏ ఎత్తూ లేదు. కాసేపు ఆలస్యం చెయ్యడమే ఆమె చెయ్యగలిగింది. అదే చేస్తోంది.

లైన్‌మన్ ఈ ఏడు కొత్తవాడు. మాకు రెండూళ్ళవతల కుర్రాడు, ఉద్యోగంలో చేరి మూడు నెలలైందట. మా పండగ సంగతి అతనికి ఎవరో చెప్పారు గానీ పూర్తిగా చెప్పలేదు. బండి ఆపకుండానే, "పూండిలో ఫీజు పోయిందండి, ఎల్లిపోవాలి, బేగా పెట్టండి" అన్నాడు. మామ్మ ఆకు చేతిలో పెట్టింది. అతను నిలబడి తినడం మొదలెట్టాడు. వీధి వీధంతా అతని నోటివైపు చూస్తోంది. ప్యాకెట్ చేత్తో పట్టుకుని బావ. గరిటె పట్టుకుని మామ్మ. దూరంగా, డబ్బా మూత ఇంకా తియ్యకుండా చిన్నాన్న.

కుర్రాడు ఆగకుండా తిన్నాడు. ఆకు సగం ఖాళీ అయ్యింది. ముప్పావు ఖాళీ అయ్యింది. బావ ఇక ఆగలేకపోయాడు.

"ఎలాగున్నాది బాబూ?"

"బాగున్నాదండి."

"అంటే... ఉప్పూ అదీ..."

కుర్రాడు నమలడం ఆపాడు. "ఉప్పా? లేదేటండి ఇందులో?"

అతను వెటకారం చెయ్యడం లేదు. నాకు వెటకారం తెలుసు. అతనికి నిజంగానే తెలియలేదు.

"మా నాన్నకి డయాలసిస్సండి," అన్నాడు, మిగిలిన అన్నం కలుపుకుంటూ. "మా అమ్మ రెండు కూరలు ఒండలేక అందరికీ సప్పిడే సేసేసింది. మూడేళ్ళయింది. ఇంకది తెలీదండి నోటికి." ఆఖరి ముద్ద తిని, ఆకు మడిచి, చెయ్యి కడుక్కున్నాడు. "ఎల్లొత్తానండి మామ్మా, పూండోళ్ళు ఫోన్లు సేసేత్తన్నారు." బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

వీధి కిక్కురుమనలేదు. ఇలాంటి మౌనాలు నాకు పడవు. ఒక మాట విసిరి పగలగొట్టడం నాకు అలవాటు. ఆ రోజు విసరలేదు. చుట్టూ చూశాను. ఎవరి ఇంట్లో చూసినా ఎవరికో ఒకరికి ఉప్పులేని చిన్న గిన్నె ఉంది. మూడో ఇంటి పిన్ని భర్తకి. ఆ చివరింటి తాత కోడలికి. టెంట్ హౌస్ బావ వాళ్ళక్కకీ ఉండేది, ఇప్పుడు ఆమే లేదు. ఆయన ప్యాకెట్ వైపు చూసుకుంటున్నాడు, దాన్ని ఎవరిచ్చారో గుర్తురానట్టు.

మౌనం పగలగొట్టింది చిన్నాన్నే, కుర్చీలోంచి.

"ఓరి, ఆ ఉప్పు ప్యాకెట్టు బావకి బరువైపోతన్నాది, ఎవురైనా దించండర్రా."

మామ్మ దించింది. ప్యాకెట్ తీసుకుని, అంచు పళ్ళతో కొరికి చింపి, ఒక అరటాకు మీద కుప్పగా పోసి, ఆ ఆకుని తీసుకెళ్ళి వరస చివర బల్ల మీద పెట్టింది.

"గుండిగలో ఎయ్యం. కావలసినోళ్ళు ఇక్కడ నంజుకోండి."

బావ గొంతు సవరించుకుని, "అదే, అదే మంచిది" అన్నాడు. ఆలోచన తనదే అన్నట్టు అన్నాడు గానీ, ఆ రోజుకి ఆయనకి అంత మాత్రం ఇవ్వొచ్చు.

తర్వాత జరిగినది రాస్తే మీరు నమ్మరు. ఊరంతా కదిలిపోయి ఉప్పు ముట్టలేదని రాయాలని నాకూ ఉంది. చదవడానికి బాగుంటుంది. కానీ ఆ ఉప్పాకు దగ్గరికి అందరికన్నా ముందు నడిచింది మా మామ్మ. పెద్ద చిటికెడే తీసుకుంది.

"ఏటే, నువ్వే?" అంది పక్కింటావిడ.

"ఏడేళ్ళనుంచి సప్పిడి తింటన్నాను, నాలుక సచ్చిపోనాది. అమ్మోరు నన్నేటీ అనదు. నాకు బాగా తెలిసినామే."

ఆమె వెనక సగం వీధి వెళ్ళింది. మిగతా సగం వెళ్ళలేదు. ఎవరు ఎందుకు వెళ్ళారో, ఎందుకు వెళ్ళలేదో ఎవరూ ఎవర్నీ అడగలేదు. చిన్నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చేతిలో డబ్బా కాదు, ఆకు. మామ్మ రెండు గరిటెలు వేసింది. మొదటి కొబ్బరి ముక్క నా ఆకులోకి వచ్చి పడింది.

"ఏరా, రేపు గ్రూపులో ఏటి ఎడతావు?"

"ఏటీ ఎట్టను."

"అదేటి, అప్పుడే పెద్దోడివైపోనావు?" ఇంకో ముక్క పడింది. "సరిగ్గా తిను. కొబ్బరి ముక్కలు ఏరడం నాకేం సరదా కాదు."

నాయకుడు అంతా అయ్యాక వచ్చాడు. ఆకు పట్టుకున్నాడు, ఉప్పాకు దగ్గరికి తీసుకెళ్ళారు, నంజుకున్నాడు. మైకులో మాట్లాడుతూ, ఉప్పును వేరే ఆకులో నివేదించే ఈ సంప్రదాయం ఎంతో ప్రాచీనమైనదనీ, దీన్ని మనమంతా కాపాడుకోవాలనీ అన్నాడు. ఆ సంప్రదాయానికి అప్పటికి గంటన్నర వయసు. బావ నా వైపు చూశాడు, ఎక్కడ నోరు తెరుస్తానో అని. నేను చప్పట్లు కొట్టాను. మందస అత్త దండం పెట్టింది.

సాయంత్రం గుండిగ కడిగి బోర్లించాక, మామ్మ షామియానా బయట కుర్చీ పక్క నుంచి చిన్నాన్న స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ముట్టనే లేదు. కూర పారబొయ్యడం ఆమెకి నచ్చదు. మూత గట్టిగా బిగించి ఉంది, తియ్యడానికి కాస్త కష్టపడ్డాను. అరుగు మీద కూర్చుని మొత్తం తిన్నాను. లోపల చిన్నాన్న ఎవరినో ఆటపట్టిస్తున్నాడు, నవ్వులు వినబడుతున్నాయి.

చప్పగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.